చుక్కల ముగ్గులో గణితము

ఈ నెల మేము పాఠశాలలోని లెక్కలను గూర్చి వ్రాయదలచితిమి. ఇది ఉపాధ్యాయులు చూచుకొనవలసిన సంగతి, మనకేల యని కొందఱు సోదరీమణులు పుట త్రిప్పబోవుదురేమో! కొంచెము నిలువుడు. ఎనిమిదవ తరగతిలో “నాకు లెక్కలు రావు” అని నిశ్చయించుకొన్న బాలిక, పదవ తరగతి దాటగానే లెక్కలతో పనిగల చదువులన్నిటిని విడిచిపెట్టును. ఇంజనీరింగు గానిండు, గణాంకశాస్త్రము గానిండు, బ్యాంకు కొలువుల పరీక్షలు గానిండు, తలుపులన్నియు నొక్కసారిగా మూతపడును. ఆ నిశ్చయము పాఠశాలలో కంటె మన యిండ్లలోనే యెక్కువగా జరుగుచున్నదని మా యభిప్రాయము. “మా యింట ఆడపిల్లల కెవ్వరికిని లెక్కలు రావులే” యని తల్లియే నవ్వుచు ననుట మీరు వినలేదా?

మా ద్వారకా తిరుమలలో కొండ క్రింద పూలు, కొబ్బరికాయలు అమ్ము అంగళ్లలో సెలవు దినములందు తల్లికి సాయము కూర్చుండు పిల్లలను చూడుడు. వైశాఖ మాసమునను ఆశ్వయుజ మాసమునను స్వామివారి కల్యాణోత్సవములు జరుగు దినములలో నయితే వారికి తల యెత్తుటకు తీఱిక యుండదు. మూర పూలు ఇంత, మూడున్నర మూరలకెంత, ఇచ్చిన నోటులో తిరిగి యీయవలసిన చిల్లర యెంత, అన్నియు నోటిలెక్కగా చెప్పుదురు. అదే లెక్క పుస్తకములో “ఒక మీటరు వెల ఇంత యైన” అని కనబడగానే కలము నోట బెట్టుకొని దిక్కులు చూతురు.

ఇది మా యూరి విశేషము మాత్రమే కాదు. నోబెల్ బహుమానము పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో గారలును వారి సహచరులును కలకత్తా, ఢిల్లీ బజారులలో పనిచేయు పిల్లలను దాదాపు 1,400 మందిని పరీక్షించి, 2025లో ‘నేచర్’ పత్రికలో ఫలితములు ప్రకటించిరి. బజారు పిల్లలు బేరములోని చిక్కు లెక్కలను మనస్సులోనే చేయగలిగిరి గాని, పాఠశాల తీరున నిచ్చిన సులభమైన లెక్కలకు తడబడిరి. బజారు పని యెఱుగని బడిపిల్లలు కాగితముపై చేయగలిగిరి గాని, బేరపు లెక్కలో చతికిలబడిరి. తెలివి రెండుచోట్లను గలదు. నడుమ వంతెన లేదు.

ఆ వంతెన కట్టుట మన తెలుగువారికి క్రొత్త పని గాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన పద్యములలో తెనుగు చేసినాడు. తెనుగున మొదటి గణిత గ్రంథమని దానికి పేరు. మల్లన మూలమును ఉన్నదున్నట్లు దింపలేదు. అందలి జైన ప్రస్తావనలను మార్చి శైవమునకు అనుగుణముగా చేసికొన్నాడు. వినువారి లోకమునకు లెక్కను తెచ్చుట యనగా నిదియే గదా!

చదరంగపు బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు 64 గడులును నింపినచో మొత్తమెన్ని గింజలో చెప్పు పద్యమొకటి మల్లన పేర ప్రసిద్ధము. జవాబు 18446744073709551615. ఇరువది అంకెలు! వీనిని గుర్తుంచుకొనుటకు చంద్రుడనిన 1, వేదములనిన 4, శరములనిన 5, గిరులనిన 7 అని మాటలలో దాచి, కుడినుండి యెడమకు అంకెలు పేర్చుకొనునట్లు పద్యము నడిపిరి. తాళపత్రముల కాలమున అదియే గొప్ప సాధనము.

మఱి నేటి సాధనముల మాట. ఆంధ్రప్రదేశములో 2022 డిసెంబరున ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకు టాబ్లెట్లు పంచిరి. 2023లో తరగతి గదులలో గోడనంత తెరలు అమర్చ మొదలిడిరి. ఈ తెరలను మేము నిందింపము. అయితే ఒక పాఠశాలలో లెక్కల గంటయంతయు తెరపై బొమ్మలాడుచుండగా పిల్లలు సినిమా చూచినట్లు నోరు తెఱచుకొని కూర్చుండుటయు, గంట మ్రోగగానే ఒక్కరును ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోవుటయు మేము కన్నులార చూచితిమి. చూచిన లెక్క చేసిన లెక్క కానేరదు.

తెరను వాడవలసిన చోటు వేఱు. ఆ చదరంగపు లెక్కనే తీసికొనుడు. బియ్యపు గింజలను పిల్లయే తన చేతులతో గడులలో పేర్చవలెను. ఆఱవ గడికి 32 గింజలు; ఏడవ గడికి విసుగు పుట్టును; పదవ గడికి 512 కావలెనని తెలిసి కన్నులు పెద్దవగును. అప్పుడు “ఇరువదవ గడికెన్ని? ముందు నీ యూహ చెప్పుము” అని యడుగవలెను. ఊహ చెప్పిన పిదపనే తెర తెఱవవలెను. 524288 అని తెరపై పడినపుడు పిల్ల వేయు కేక మఱునాటికిని చెవులలో నుండును. చేయి పోలేని చోటికి తెర పోవలెను గాని, చేయి చేయదగిన పనిని తెర లాగికొనరాదు. ఆస్ట్రియాలో 2001లో పుట్టిన జియోజెబ్రా యను ఉచిత సాధనము ఫోనులోను పనిచేయును. అందులో త్రిభుజమును మూల పట్టి యెంత లాగినను మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలుగనే నిలుచుట పిల్లలు తామే లాగి చూడవచ్చును. నల్లబల్లమీది బొమ్మ కదలదు గదా.

ఇంగ్లీషు మాధ్యమము వచ్చిన పిదప తల్లులకు పుస్తకము ముట్టుటకే జంకు కలిగినది. ఎల్.సి.ఎం. అనగానే వెనుకకు తగ్గుదురు. అది మనము చదివిన క.సా.గు. తప్ప మఱొకటి కాదమ్మా! 2020 తరువాత మన ప్రభుత్వ పాఠ్యపుస్తకములలో ఒక పుట తెనుగున, ఎదుటి పుట ఇంగ్లీషున ముద్రించుచున్నారు. తెనుగు పుట మీరు చదువుడు, ఇంగ్లీషు పుట పిల్లచే చదివింపుడు. మానికకు నాలుగు సోలలు, సోలకు నాలుగు గిద్దెలు గనుక, గిద్దె మానికలో పదునాఱవ వంతు, అనగా వీసము. భిన్నములకు ఇంతకంటె మంచి పాఠము వంటింట వెదకిన దొరకదు.

ఇక ముగ్గు. ఎదురు చుక్కలతో ఏడు మొదలు ఒకటి వఱకు పెట్టుడు: 1, 3, 5, 7, 5, 3, 1. మొత్తము 25. ఇప్పుడు ఏటవాలుగా చూడుడు. నాలుగు వరుసలు నాలుగేసి చుక్కలు, వాని నడుమ మూడు వరుసలు మూడేసి చుక్కలు. 16, 9 కలిసి 25. అయిదు చుక్కల ముగ్గులో 9, 4 కలిసి 13. పదునైదు చుక్కల ముగ్గులో 64, 49 కలిసి 113. మావారు ఈ లెక్కను తరగతిలో సుద్దతో నేలపై వేయించినపుడు, ఏనాడును చేయి యెత్తని బాలికలే ముందుగా లేచి చెప్పిరట. వర్గసంఖ్యలు వారి వ్రేళ్ల కొనలలోనే యుండెను; వానికా పేరు మాత్రము వారెఱుగరు.

సందు చుక్కల ముగ్గు దారి వేఱు. ఏడు మొదలు నాలుగు వఱకు పెట్టినచో మొత్తము 37 చుక్కలు. నడిమి చుక్కను పట్టుకొని, దాని చుట్టు వలయములు వలయములుగా పిల్లచే లెక్కింపుడు: 1, 6, 12, 18. తొమ్మిది మొదలు అయిదు వఱకైన నెన్ని చుక్కలగునో ముందు ఊహింపజేసి, పిదప వాకిట ముగ్గు పెట్టించి చూడుడు.