మనవడికి టీకా, అవ్వకు రక్ష

‘డబ్బు పోసి ఫ్లూ సూది వేయించినా పిల్లోడికి పడిశం పట్టనే పట్టింది’ అన్న మాట ఒక ఇంట్లో పుడితే చాలు, ఆ వీధిలో మరో నలుగురు ఆ సూది జోలికి పోరు. పడిశం తెచ్చే వైరస్‌లు ఎన్నో ఉన్నాయి. ఈ టీకా ఆపేది ఇన్‌ఫ్లుయెంజాను ఒక్కదాన్నే. దాన్నయినా నూటికి నూరుపాళ్లు ఆపదు. మరి ఎంత ఆపుతుందో లెక్క తెలిస్తే, ఎవరికి ముందు వేయాలో, ఖర్చు ఎవరు భరించాలో కూడా తేలుతుంది.

వివిధ దేశాల్లో జరిగిన ప్రయోగాలను కొక్రేన్ సంస్థ 2018లో ఒకచోట చేర్చి పరిశీలించింది. రెండేళ్లు దాటిన పిల్లల్లో టీకా లేనివాళ్లకు ఒక సీజన్‌లో నూటికి 30 మందికి ఫ్లూ వస్తే, సూది వేయించుకున్నవాళ్లలో 11 మందికి వచ్చింది. 65 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి ఆరుగురికి రావాల్సింది 2.4కు తగ్గింది. పైకి ఇద్దరికీ రక్షణ అరవై శాతం దగ్గరే కనిపిస్తుంది. కానీ పెద్దల అంకె కింద పునాది అంత గట్టిది కాదు. నిమోనియా, మరణాలు తగ్గాయో లేదో తేల్చేంత సమాచారం ఆ ప్రయోగాల్లో లేదు. వయసు మీదపడితే టీకాకు ఒంట్లో పుట్టే స్పందన మందగిస్తుంది. పెద్దల్ని ఎక్కువగా మంచాన పడేసే హెచ్3ఎన్2 రకం దగ్గరే టీకా బలం తక్కువ. అందుకే కొన్ని దేశాల్లో పెద్దలకు నాలుగు రెట్ల మోతాదు టీకా ఇస్తున్నారు. మామూలు టీకా కంటే అది 24 శాతం మెరుగని 2014లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగం చెప్పింది.

ఏటికేడూ తేడా ఉంటుంది. వైరస్ వేషం మారుస్తుంటుంది కాబట్టి ఏ రకాలను టీకాలో పెట్టాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, నెలల ముందే ఊహించి చెబుతుంది. ఊహ తప్పిన 2014–15 సీజన్‌లో అమెరికాలో రక్షణ 19 శాతానికి పడిపోయింది. మన దేశంలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ దగ్గర మూడు గ్రామాల్లో ఆరు నెలల నుంచి పదేళ్ల పిల్లల మీద జరిగిన ప్రయోగంలోనూ ఇదే కనిపించింది. మొదటి ఏడాది రక్షణ 25.6 శాతం, రెండో ఏడాది 41, మూడో ఏడాది 74.2. మొదటి ఏడాది ఫలితం చూసి సూది దండగని తేల్చేసి ఉంటే, మూడో ఏడాది ఆ పిల్లలకు దక్కిన మేలు దక్కేదే కాదు.

ఇప్పుడు కర్ణాటకలోని బళ్లారి జిల్లా తోరణగల్లు సంగతి. సండూరు గనుల ఖనిజం లారీల్లో వచ్చే, ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ తిరిగే ఊరు ఇది. ఆరేసిన బట్టల మీదా, కిటికీ ఊచల మీదా ఎర్రదుమ్ము. దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసి ఊపిరి బరువెక్కిన ముసలివాళ్లకు ఫ్లూ అంటే మూడు రోజుల జరం కాదు. మన తెలుగు కుటుంబాల్లోనూ, ఉత్తరాది నుంచి పనికి వచ్చినవాళ్ల గదుల్లోనూ ఇదే తంతు. అమ్మానాన్నలు షిఫ్టుకు పోతే పిల్లాడు అవ్వ ఒళ్లో ఉంటాడు. అవ్వ కొంగుతో ముక్కు తుడుస్తుంది, కలిపిన ముద్ద ఊదిపెడుతుంది, రాత్రి పక్కలో వేసుకుంటుంది. చిన్నపిల్లలు పెద్దల కంటే ఎక్కువ రోజులు ఈ వైరస్‌ను వదులుతుంటారు. అవ్వకు ఫ్లూ ఎక్కడినుంచి వస్తుందో వేరే చెప్పాలా?

2023 మార్చిలో హెచ్3ఎన్2తో ఆ సీజన్‌లో దేశంలో తొలి మరణంగా నమోదైంది మన కర్ణాటకలోనే, హాసన జిల్లా ఆలూరు తాలూకాకు చెందిన 82 ఏళ్ల వృద్ధుడిది. ఆయనకు మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. అలాంటి పెద్దలకు నేరుగా సూది వేయడం ఎలాగూ అవసరమే. గుండెపోటు వచ్చిన 2,571 మందితో జరిగిన ఒక ప్రయోగంలో ఏడాది లోపు మరణాలు టీకా లేనివారిలో 4.9 శాతం ఉంటే, వేయించుకున్నవారిలో 2.9 శాతమే. అయితే ఆ ఒక్కదానితో సరిపెట్టకూడదనే నా వాదన. పెద్దల ఒంట్లో టీకా తడబడే చోట, వాళ్ల చుట్టూ ఉన్న పిల్లలకు వేసిన టీకా అండగా నిలుస్తుంది.

జపాన్‌లో 1962 నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకాలు వేశారు, 1994లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. అది గట్టిగా నడిచినన్నాళ్లు చలికాలంలో వృద్ధుల మరణాలు తగ్గాయని, 420 మంది పిల్లలకు వేస్తే ఒక ప్రాణం నిలిచిందని 2001లో పరిశోధకులు లెక్కగట్టారు. ఆ లెక్క మీద అభ్యంతరాలు వచ్చాయి, వాటిలో పస లేకపోలేదు. కానీ కెనడాలో హటరైట్ సమాజపు పల్లెల్లో 2008–09లో జరిగిన ప్రయోగం మీద ఆ అభ్యంతరాలు నిలవవు. పల్లెలను చీటీ వేసినట్టు ఎంచి, పిల్లలకు మాత్రమే టీకా వేస్తే, వేయించుకోని మిగతావాళ్లలో ఫ్లూ 61 శాతం తగ్గింది. అన్నిచోట్లా ఇంత మేలు కనబడుతుందని చెప్పను. ఒకే కంచంలో తినే మన ఇళ్లలో మాత్రం ఆశకు చోటుంది.

అడ్డం పడుతున్నది డబ్బు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయాలని పిల్లల వైద్యుల జాతీయ సంఘం సిఫార్సు చేస్తోంది. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో మాత్రం అది లేదు. ప్రైవేటు క్లినిక్‌లో ఒక్కో డోసుకు వెయ్యికి పైనే పెట్టాలి. మొదటిసారి వేయించుకునే చిన్నపిల్లలకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. కాంట్రాక్టు కూలి రెండోదానికి రాడు. ఆరు నెలలు నిండని పసికందుకు అసలు ఈ టీకా వేయరు. గర్భంతో ఉన్న తల్లికి వేస్తేనే ఆ బిడ్డకు రక్ష. దక్షిణాఫ్రికాలో అలా వేస్తే శిశువుల్లో ఫ్లూ దాదాపు సగానికి తగ్గింది. ఆ తల్లికీ ఇక్కడ సొంత డబ్బే దిక్కు.

గనుల లీజుదారులు రాయల్టీ మీద అదనంగా కట్టే సొమ్ముతో బళ్లారిలో జిల్లా ఖనిజ ప్రతిష్ఠాన నిధి ఉంది. గనుల వల్ల నష్టపోయే జనం కోసం ఖర్చు పెట్టాల్సిన ప్రాధాన్య రంగాల్లో ఆరోగ్యం ఒకటని దాని నిబంధనలే చెబుతున్నాయి. దుమ్ము మింగినవాళ్ల ఊపిరితిత్తులకు ఇంతకంటే నేరుగా చేరే ఖర్చు ఏముంటుంది? సండూరు తాలూకాలో ఐదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దలకు మూడేళ్లపాటు ఈ నిధితో టీకా వేయించాలి. అంగన్‌వాడీలో పిల్లల పేర్లున్నాయి, ఆశా కార్యకర్తకు గర్భిణుల ఇళ్లు తెలుసు. 2021లో ఇదే ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ పక్కన తాత్కాలిక కోవిడ్ ఆసుపత్రిని వారాల్లో లేపిన యంత్రాంగానికి ఇది మోయలేని పని కాదు.

వేయించుకున్నవాళ్లలో, పక్క తాలూకాల్లో వేయించుకోనివాళ్లలో ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారో ఏటా లెక్క తీసి బయటపెట్టాలి కూడా. ఫలితం లేకుంటే ఆపేయవచ్చు. దేశంలో చాలా నగరాల్లో ఫ్లూ వానలతోపాటే పెరుగుతుంది కాబట్టి రెండో డోసు జూన్ లోపే పడాలి. వానలకు ముందు వేయాల్సింది దక్షిణార్ధగోళానికి తయారయ్యే టీకా, అందులో ఏ రకాలు పెట్టాలో అంతకుముందు సెప్టెంబరులోనే ఖరారవుతుంది. అంటే టెండరు కాగితం జిల్లా డిప్యూటీ కమిషనరు బల్ల మీదికి దీపావళి నాటికి రావాలి.