చందా వ్రాసినంతమాత్రమున సేవ యగునా?

మన సంఘము జరుపు ఉగాది సభకు వచ్చు జనమును చూచినవారెవరైనను ఈ ప్రాంతమున తెలుగునకు లోటు లేదని తలంతురు. పందిరి నిండును. పూలదండలు చాలవు. చందాల పట్టీలో తమ పేరు వెనుకబడినదని అలుగువారును గలరు. మరునాడు పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశమునకు రండని పిలిచినచో వచ్చువారు మాత్రము వ్రేళ్లమీద లెక్కింపదగినవారు.

కొన్ని యేండ్ల క్రిందట మా పట్టణములోని ఒక పాఠశాలయందు తెలుగు తరగతి ఎత్తివేయబడినపుడు మేమందరమును ప్రభుత్వమును నిందించితిమి. నూటికి పైగా సంతకములతో విజ్ఞాపనపత్రము సమర్పించితిమి. సంతకము చేసినవారి పిల్లలలో ఎందరు ఆ బడిలో చదువుచున్నారని అధికారి యడిగెను. మేము తలలు వంచుకొంటిమి. ఆ తరగతిలో మిగిలినవారు ఆరుగురే. మా పిల్లలును ఆంగ్ల మాధ్యమముననే చదివిరి గనుక ఈ నిందలో మాకును భాగము గలదు.

చట్టము మనకు చేసిన లోపమేమి? 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము తరగతికి 10 మంది గాని, పాఠశాల మొత్తముమీద 40 మంది గాని అల్పసంఖ్యాక భాష పిల్లలున్నచో ప్రాథమిక దశలో వారి భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించెను. 1956లో రాజ్యాంగమునకు జరిగిన ఏడవ సవరణము 350ఏ అధికరణమును చేర్చి, మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించు యత్నమును ప్రతి రాష్ట్రమునకును, ప్రతి స్థానిక సంస్థకును విధించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాల నిర్వహణ సంఘమున మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెనని, సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెనని శాసించెను. పాఠశాల పని తీరును, వచ్చిన నిధుల వినియోగమును పరిశీలించు అధికారము ఆ సంఘమునకు గలదు. కుర్చీ వేసియున్నది, కూర్చుండువారేరి?

“మేము వర్తకులము, తీరిక లేదు” అని కొందరందురు. తిరునాళ్లకు మూడు దినములు అంగళ్లు కట్టివేయగలవారికి నెలకు రెండు గంటలు దొరకవా? “అవన్నియు రాజకీయములు, మనకేల?” అని మరికొందరందురు. బడిలో కుళాయి పారుచున్నదా, ఉపాధ్యాయుడు వచ్చుచున్నాడా యని విచారించుట రాజకీయమైనచో, ఆ రాజకీయము ప్రతి పౌరుని ధర్మము. “సంఘము చూచుకొనును” అనువారికి మేము చెప్పునది యొక్కటే: సంఘమనగా మీరే. మీరు రానిచో అది గోడమీది పేరుపలక మాత్రమే.

మరియొక సంగతి. నిర్వహణ సంఘమున మనము కూర్చుండుట తెలుగు పిల్లల కొరకే కాదు. మరుగుదొడ్డి బాగుపడినచో తమిళ బాలికకును తెలుగు బాలికకును సమానముగనే మేలు. పదిమంది పనిలో చేయి కలిపినవాని మాటను పదిమందియు విందురు. తన కోర్కె కొరకు మాత్రమే వచ్చువాని మాటను ఎవ్వరును వినరు.

1901లో హైదరాబాదు సంస్థానమున ఉర్దూ రాజభాషగా నుండగా, కొందరు పెద్దలు రావిచెట్టు రంగారావు గారి యింట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయమును స్థాపించిరి. వారికి 350ఏ అధికరణము లేదు, ఓటు లేదు. ఉన్నది తమ కాలమును వెచ్చింపగల మనస్సు మాత్రమే. మనకన్నియు నున్నవి, ఆ మనస్సే కొఱవడినది.

కావున సోదర సోదరీమణులారా, ఈ యేడు చందాతోపాటు మిమ్ములను కోరునవి మూడు. మీ వీధిలో బడికి చేరవలసిన తెలుగు పిల్లల జాబితాను ప్రవేశములకు ముందే సిద్ధము చేయుడు. ప్రభుత్వ పాఠశాలలో బిడ్డలున్న తల్లులు నిర్వహణ సంఘమునకు నిలువవలెను. వారికి ఇంటివారు అడ్డు రాకుండుటయే తోడ్పాటు. తక్కినవారు వారమునకొక సాయంకాలము పిల్లలచేత తెలుగు చదివింపవలెను.

తన చిట్టాను తాను చూచుకొనని వర్తకుడు దివాలా తీసినపుడు గుమాస్తాను నిందించుట మనమెరిగినదే. మన భాష చిట్టాను ఇకనైనను మనమే తెరచి చూతము.