ఇంటి ముచ్చటలు: సెల్‌ఫోనునకు కవరు వలయునా?

గత మాసమున కృష్ణాతీరపు పల్లెటూరి యాడపడుచు ఒకరు మాకు లేఖ వ్రాసినారు. ఆమె తల్లిగారికి 70 యేండ్లు దాటినవి. పల్లెలో ఒంటరిగా నున్నారు. అమెరికాలో నుద్యోగము చేయు కుమారుడు నిరుడు వచ్చినప్పుడు తల్లికి వెలగల స్మార్టుఫోను కొని యిచ్చి వెళ్లినాడు. ఆ తల్లి దానిని పాత పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళము వేయుచున్నారు. ఆదివారము రాత్రి కుమారుడు పిలుచువేళకు వెలికి తీయుదురు. మాటలు ముగియగనే మఱల చుట్టి పెట్టుదురు. చేయిజాఱిన పగులునని భయము. కార్తికమాసమున నొకనాటి తెల్లవాఱుజామున పెరటిలో కాలుజాఱి పడి, లేవలేక, పాలవాడు వచ్చువఱకు నట్లే యుండిరట. ఫోను బీరువాలో నుండెను.

"కవరు వేయింతునన్న నొప్పుకొనదు. అబ్బాయి యింత సొగసైన వస్తు విచ్చిన దానికి ముసుగు వేయుదునా యనును. కవరు లేనిదే చేత బట్టుటకు వెఱచును. నేనేమి చేయుదును?" అని యా సోదరి ప్రశ్న.

ఫోనునకు కవరు వేయుటయా, మానుటయా యన్నది బజారులో రెండు నిమిషములలో తేలిపోవు విషయమని మేమును తలంచుచుంటిమి. వస్తువు పగులకుండుటకై పడు జాగ్రత్త, ఆ వస్తువు సమయమునకు చేతికందకుండ జేయునప్పు డది చిన్న విషయము కాదు. కావున నీ మాసపు పుటలు దానికే యిచ్చితిమి.

కప్పిపెట్టు నలవాటు మన యిండ్లకు క్రొత్త గాదు. రేడియోకు కుట్టుపూల గుడ్డ, టెలివిజనునకు ముసుగు, రిమోటునకు పాలిథీను సంచి, దానికొక రబ్బరుబ్యాండు. ప్రయాణపు పెట్టెకు గుడ్డతొడుగు కుట్టించి, ఆ తొడుగు మాయకుండ దానిపై నింకొకటి వేసిన యిల్లాలిని మే మెఱుగుదుము. ఇట్లు దాచిన వస్తువు సొగసు మనకు గనబడక, చుట్టములకు గనబడక, తుదకు పాతసామానులు కొనువానికి గనబడును! ఫోనును గూడ నీ వరుసలో జేర్చి నవ్వువా రున్నారు. కాని సోఫా చేతినుండి జాఱిపడునది కాదు.

మొదట ఆ గాజు సంగతి తెలిసికొందము. 2007 జనవరిలో ఆపిల్ సంస్థవారు తమ మొదటి ఐఫోనును లోకమునకు జూపినప్పుడు దాని పైతలము ప్లాస్టిక్కు. ఆ యేడు జూనులో అమ్మకమునకు వచ్చునప్పటికి దానిని గాజునకు మార్చిరి. ప్లాస్టిక్కు పగులదు గాని గీతలు పడును. గాజునకు గీతలు తక్కువ గాని పగులును. ఆనాటినుండి గాజే యాచారమైనది. ఇది మన చేతిగాజు వంటిది గాదు. అమెరికాలోని కార్నింగ్ సంస్థ చేయు గొరిల్లా గ్లాసు వంటి దానిని సుమారు 400 డిగ్రీల వేడిగల కరగిన లవణములో ముంచుదురు. గాజులోని చిన్నవైన సోడియము అయానులు వెలికి వచ్చి, వాని చోట పెద్దవైన పొటాసియము అయానులు దూఱును. నలుగురు పిల్లలు కూర్చున్న బల్లపై వారు లేచిన చోటులనే నలుగురు పెద్దవాండ్రు ఇఱుకుకొని కూర్చుండినట్లు పైపొర బిగిసిపోవును. పగులు పెరుగవలెనన్న గాజు రెండువైపులకు విడవలెను. బిగిసిన పొర దానిని విడనీయదు. ఇదియే దాని బలము.

అయితే ఇసుక దీనికి శత్రువు. ఇసుకలోని క్వార్ట్జునకు కాఠిన్యపు లెక్కలో 7వ స్థానము. ఫోనుగాజు దానికి లోబడియే యుండును. చేసంచిలోని తాళపుచెవుల వలన గాజునకు కలుగు హాని కంటె, ఆ సంచి యడుగున జేరిన ఇసుకరేణువు వలన కలుగు హాని యెక్కువ. ఆ గీత బిగిసిన పొరను దాటి లోతుగా దిగినచో, మఱియొకనాడు చిన్న దెబ్బకే యచ్చట పగులు పుట్టును. "మేడమెట్లపై పడినప్పు డేమియు గాలేదు, మంచముమీదినుండి పడి పగిలినది" యని వాపోవువారు మనలో లేకపోలేదు. మంచముది తప్పు గాదు, మునుపటి గీతది.

వెనుక భాగమైనను క్షేమమా యన్న, అదియు గాదు. తీగ లేకుండ చార్జి చేయు పద్ధతికి లోహపు వీపు అడ్డు. ఆపిల్ సంస్థ 2017లో ఐఫోనుల వీపునకు మఱల గాజు నమర్చినది. నేడు వెలగల ఫోనులు పెక్కింటికి ముందును గాజే, వెనుకను గాజే.

ఇక పడుట. మీటరు ఎత్తునుండి విడిచిన ఫోను అరసెకను గడువకముందే నేల నంటును. అప్పటికి దాని వేగము గంటకు సుమారు 16 కిలోమీటర్లు, అనగా సైకిలు తొక్కు వేగము. అది క్షణములో సున్న కావలెను. ఆగుటకు దొరకు చోటు రెండింతలైనచో దెబ్బ సగమగును. గాజులమ్మ గాజులను గడ్డిలో జుట్టి తెచ్చుట ఇందులకే; మామిడిపండ్ల బుట్టలో గడ్డి పఱచుట యిందులకే. మెత్తని కవరు చేయు పనియు నింతకు మించి లేదు. ఫోను తఱచుగా మూలమీద పడును. అప్పుడు బరువంతయు నువ్వుగింజంత చోట పడును. కావున కవరు కొనునప్పుడు రంగు చూచుటకు ముందు నాలుగు మూలలను వ్రేలితో నొక్కి చూడవలెను. మూలలు మందముగా, మెత్తగా నుండవలెను. అంచు తెరకంటెను, కెమెరా కంటెను కొంచెము పైకి లేచి యుండవలెను. బోరగిల బడినప్పు డా యంచు నేల నంటును గాని గాజంటదు. ఈ రెండు గుణములు లేని కవరు అలంకారమే.

హైదరాబాదు జగదీశ్ మార్కెట్టు వంటి చోట్ల గోడలనిండ కవరులు వ్రేలాడుచుండును. వానిలో గొన్నింటిపై "మిలిటరీ గ్రేడు" అని యుండును. ఆ మాటకు మూలము మిల్-స్టాండర్డు-810 అను అమెరికా సైన్యపు ప్రమాణము. దానిలో వస్తువును 48 అంగుళముల యెత్తునుండి 26 మారులు పడవేయు పరీక్ష కలదు: ముఖములపై 6, అంచులపై 12, మూలలపై 8. వినుటకు భయంకరమే! కాని పడవేయునది కాంక్రీటుపై పఱచిన 2 అంగుళముల ప్లైవుడ్డు చెక్కమీద; ఆ 26 మారులును ఒకే వస్తువు పడనక్కఱలేదు, అయిదింటికి పంచవచ్చును. కవరుపై నా మాట వ్రాసికొనుటకు సైన్యమువారు ముద్రవేసి యిచ్చునదియు లేదు. తాండూరు బండలో, బేతంచెర్ల బండలో, గ్రానైటో పఱచిన వంటయింటి నేల ప్లైవుడ్డు గాదు. వెనుకటి యలికిన మట్టినేలయైన నీ చర్చకే పని లేకపోవును.

పురుషుల కిది యంతగా తట్టదు గాని, చీరకు జేబు లేదు. ఫోనును చేత బట్టుకొందుము, లేదా బొడ్డున దోపుకొందుము; బిందె దించుటకు వంగినప్పు డది జాఱును. దోసెపిండి చేతితో నెత్తుదుము. చంకలో పిల్ల, చెవికడ ఫోను. మొదటి ఐఫోను తెర 3.5 అంగుళములు, బరువు 135 గ్రాములు. నేడు 6.5 అంగుళముల తెరయు, సుమారు 200 గ్రాముల బరువును సామాన్యము. పాతలెక్కన 17 తులములు. ఇది మన యఱచేతికి కొలిచి చేసినది గాదు. పైగా గాజువీపు సబ్బుబిళ్లవలె జాఱును. కావున కవరు వలని ముఖ్యలాభము పడినపిమ్మట కాపాడుటలో గాదు, పడకుండ పట్టు నిచ్చుటలో నున్నదని మా యనుభవము. మాలో నొకరు పలుచని, నునుపైన కవరు వేసి, కవరు లేనప్పటికంటె నెక్కువమారులు ఫోనును జాఱవిడిచినారు.

తెరపై నంటించు టెంపర్డు గాజు మంచిదే. గీతలను తాను భరించి, అవసరమైనప్పుడు తాను పగిలి తెరను గాచును. దానిని మార్చుటకు తెరను మార్చినంత ఖర్చు గాదు. దుకాణదారుడు "9 హెచ్" అని చెప్పినచో మురిసిపోవలదు. అది పెన్సిళ్ల కాఠిన్యపు లెక్క. గట్టి పెన్సిలుతో గీసినను గీత పడదని యర్థము. ఇసుక పెన్సిలు గాదు.

కవరు వలన చెరుపును గలదు. చార్జి యగునప్పుడు బ్యాటరీ వేడెక్కును. మందమైన కవ రా వేడిని వెలికి పోనీయదు. ఫోనులను 35 డిగ్రీలకు లోబడిన వాతావరణమున వాడుట మేలని తయారుచేయువారే చెప్పుదురు. వేసవిలో రెంటచింతలలోనో, రామగుండములోనో నున్నవారు దీనిని పాటించుట యెట్లు! చార్జి చేయునప్పుడు ఫోను వేడిగా దోచినచో కవరు తీసి పెట్టుట యొక్కటే మనచేతిలో నున్నది. దిండుక్రింద బెట్టి చార్జి చేయుట మాత్రము ఎన్నడును కూడదు. వారమున కొకమారు కవరు విప్పి తుడువవలెను. లోన జేరిన ఇసుక, కవరునకును ఫోనునకును నడుమ తిరుగలిలో గింజవలె నొరయును. తెల్లని పారదర్శకపు కవరు కొన్ని నెలలకు పసుపెక్కుట యెండకును వేడికిని ఆ ప్లాస్టిక్కు మాఱుటవలన గలుగునది. సబ్బుతో నెంత తోమినను పోదు.

ఇంటిలో గుండెకు పేస్‌మేకరు అమర్చబడిన పెద్దలున్నచో అయస్కాంతముగల కవరును, ఫోనును వారి ఱొమ్ముజేబున నుంచనీయరాదు. కనీసము 15 సెంటీమీటర్ల యెడ ముండవలెనని అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ 2021లో హెచ్చరించినది. లోపల ద్రవమును, మెఱుపురేకులును కదలాడు కవరులు పిల్లల కిష్టము. 2017లో అట్టివి 2 లక్షల 60 వేలకు పైగా అమెరికాలో వెనుకకు తెప్పింపబడినవి. పగిలి కారిన ద్రవము చర్మమును గాల్చెను. వానిని మాత్రము కొనవలదు.

కవరు అక్కఱలేనివారు లేరా? ఉన్నారు. వీపు ప్లాస్టిక్కుదై, వెల తక్కువదై, బల్లకడ గూర్చుండి పని చేయువారికి అది యనవసరపు బరువు. సొగసు గోరి కవరు లేక వాడువారిని మేము తప్పుపట్టము. తెర మార్పించుటకగు వేల రూపాయలు తాము భరింపగలమని వారే లెక్కవేసికొనియుందురు. ఇంటిలో మగవారు వాడి విడిచిన పగులుతెర ఫోను నిల్లాలికిచ్చి, "నీకు కవ రెందులకు, ఇదివఱకే పగిలినది కదా" యనువారిని మాత్రము తప్పుపట్టుదుము. పగిలిన గాజు వ్రేలిని గోయును.

మన సోదరి ప్రశ్నకు వత్తము. అమ్మా, మీ తల్లిగారి ఫోనునకు కవరు వేయింపుడు. నల్లనిది వలదు, పారదర్శకముగా నుండి, మూలలు మందమైన దానిని తెండు. అబ్బాయి యిచ్చిన రంగు కనబడుచునే యుండును. పసుపెక్కినపిమ్మట మార్చవచ్చును, దాని వెల నూఱో, రెండువందలో. దానికి తాడు తగిలించు రంధ్ర ముండవలెను. ఆ తాడు మెడకు గాక భుజముమీదుగా వ్రేలాడునట్లు కట్టుడు. మెడతాడు పొయ్యికడ వంగినప్పుడు ముందునకు వ్రేలును. మడత రేకుగల కవరును మేము మెచ్చము. తెఱచుట, మూయుట వృద్ధులకు విసుగు. ఆమెనే దుకాణమునకు గొనిపోయి మూడు నాలుగు కవరులు చేతికిచ్చి, ఏది యామె పట్టునకు కుదురునో ఆమెనే యెంచుకొననిండు. ప్రక్కమీటలు కవరు మీదుగా ఆమె వ్రేలికి సులభముగా దిగుచున్నవో లేదో చూడుడు. ఫోను తాళము తీయకయే 112 సంఖ్యకు పిలువవచ్చునని చెప్పి చూపుడు. పిలుచునట్లు నటింపుడు గాని పిలువకుడు.

దీనికి ముందే చేయవలసిన దొకటి కలదు. ఆ ఫోనులో మీ తండ్రిగారి ఫొటోలు, మనుమల మాటలు నుండియుండును. వానికి వేఱుచోట నకలు తీయింపుడు. ఏ కవరును వానిని గాపాడలేదు.

బీరువా తాళము చేతిలో నుండగా ఆమె మొదట నొప్పుకొనకపోవచ్చును. పెరటిలో పడిన నాటి సంగతి దెప్పవలదు. అబ్బాయి చేత ఆదివారము గాక బుధవారము మధ్యాహ్నము పిలిపింపుడు, మఱునా డింకొకమారు. రెండుమూడు మారులు తాళము తీయుటలో విసిగి, ఫోను తానే బయట నుంచుకొందురు. ఇక ఆ పట్టుగుడ్డ మాట. జరీ యంచు కత్తిరించివేసినచో తెర తుడుచుటకు దానికంటె మెత్తనిది దొరకదు.