ముసురు రోజున తాతలు, మనుమలు

ముసురు పట్టిందంటే రెండు మూడు రోజులు తెరిపి ఇవ్వదు. బడికి సెలవు ప్రకటిస్తారు, మక్తబ్‌కు పిల్లలు రారు, మధ్యాహ్నానికే కరెంటు పోతుంది. చార్జింగ్ అయిపోయేదాకా మనుమడు గోడ మూలన సెల్‌ఫోన్ పట్టుకుని ఉంటాడు. తాతగారు వరండాలో చూరు నీళ్ళను చూస్తూ ఒంటరిగా కూర్చుంటారు. ఇద్దరి మధ్య దూరం పది అడుగులు. ఈ నెల మేము ఆ పది అడుగుల గురించే వ్రాయదలచాము.

వాన కురిసినప్పుడు అది మేలు చేసే వాన కావాలని దైవప్రవక్త (స) వేడుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ముందుగా ఆ దుఆను దాదాగారు చదవాలి, పిల్లలు వెంట పలకాలి. వాన జోరుగా ఉన్న రోజున ఇళ్ళలోనే నమాజు చేసుకోమని ముఅజ్జిన్ చేత చెప్పించే వెసులుబాటు హదీసులలో ఉన్నది. కనుక అటువంటి రోజున ఇంట్లోనే జమాఅత్ నిలపండి, ఇఖామత్ మనుమడి చేత చెప్పించండి. సజ్దాలో ఉండగా మనుమడు వీపునెక్కితే, వాడి ముచ్చట తీరేదాకా సజ్దాను పొడిగించినవారు మన ప్రవక్త (స). సఫ్‌లో పిల్లవాడు కాస్త కదిలితేనే కళ్ళెర్రజేసే పెద్దలు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

మేము అన్నిటికంటే ఎక్కువగా కోరేది ఒక పాఠం. అందులో గురువు మనుమరాలు, శిష్యురాలు దాదీ. మన పల్లెల్లో ఎందరో వృద్ధ స్త్రీలు తెలుగు అక్షరాలలో అచ్చయిన చిన్న పుస్తకాలు చూసి సూరాలు కంఠస్థం చేశారు. వారి శ్రమ తక్కువది కాదు. అయితే అరబ్బీలో సీన్, సాద్, సా అనే మూడు అక్షరాలకు తెలుగులో ఉన్నది ఒక్క ‘స’. పెద్ద హా, చిన్న హా రెండింటికీ ఒక్క ‘హ’. ఖాఫ్‌తో పలికితే ‘ఖల్బ్’ అంటే హృదయం, కాఫ్‌తో పలికితే ‘కల్బ్’ అంటే కుక్క. మక్తబ్‌లో ఈ తేడా నేర్చుకున్న పదేళ్ళ పిల్ల ఇంట్లోనే ఉన్నది. ఆమె పలక తీసుకుని దాదీ పక్కన కూర్చుంటే ముసురు వెలిసేలోగా నాలుగైదు అక్షరాలు సరిపడతాయి. ఒక్క మాట, నవ్వకూడదు. డెబ్బై ఏళ్ళ నాలుక వెంటనే తిరగదు. పిల్ల ఒకసారి నవ్విందంటే దాదీ మళ్ళీ నోరు తెరవదు. ఈ సంగతి తల్లి ముందుగానే పిల్లకు చెప్పి పంపాలి.

పాఠం తరువాత ఆట కూడా ఉండవలసిందే. పాచికల ఆటను హదీసులు గట్టిగా వారించాయి కనుక గవ్వలు విసిరి పావులు నడిపే పచ్చీసు, అష్టాచెమ్మాలను మేము ప్రోత్సహించము. వేరుగా తలచేవారితో తగవు పెట్టుకోము. వామనగుంటలలో విసరడమన్నదే లేదు, ఉన్నది లెక్క ఒక్కటే. రెండు వరుసలు, వరుసకు 7 గుంటలు, గుప్పెడు చింతగింజలు. పీట లేకపోతే గచ్చుమీద సుద్దతో సున్నాలు చుట్టుకోవచ్చు. ఈ జాతి ఆటలు ఆఫ్రికా నుండి అరబ్బు దేశాల దాకా ఉన్నాయి. అక్కడి ‘మన్‌ఖలా’ అనే పేరు అరబ్బీ ‘నఖల’ నుండి వచ్చింది, ఒకచోటి నుండి మరొకచోటికి తరలించడం అని అర్థం. దృష్టి మందగించిన తాతగారికి కూడా వ్రేళ్ళకు గింజల లెక్క తెలుస్తుంది. పందెం మాత్రం వద్దు, ఓడినవారు పకోడీలు వేయాలన్న పందెమైనా సరే.

ఆట ముగిశాక గింజలను డబ్బాలో పోయకండి. చిన్నవారి ముందు 40 గింజలు పోసి ఒకటి ప్రక్కకు తీయమనండి. ఏడాది నిండిన సొమ్ముపై జకాత్ ఎంతో వారికి ఆ ఒక్క గింజ చెబుతుంది. కాస్త పెద్దపిల్లలకైతే 24 గింజలు ఇవ్వండి. ఒక మనిషి చనిపోయాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. అప్పులు, వసియ్యత్ తీరాక మిగిలినది ఈ 24. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3. మిగిలిన 21లో కొడుకుకు 14, కూతురికి 7. ఫరాయిజ్ గ్రంథాలలో పెద్ద విద్యార్థులు తికమకపడే లెక్క చింతగింజలతో పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

అర్థమైన పిల్లలు ఊరుకోరు. “దాదా, మీ నాన్నగారి పొలంలో మీ చెల్లెలికి ఏడు గింజలు ఇచ్చారా?” అని అడుగుతారు. కూతుళ్ళకు పెళ్ళిలో పెట్టిందే వాటా అని సరిపెట్టుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో పాఠకులకు తెలుసు. పెళ్ళి ఖర్చు వేరు, అల్లాహ్ నిర్ణయించిన వాటా వేరు. ఆ ప్రశ్నకు జంకి ఆటను 40 గింజల దగ్గరే ఆపివేయవద్దని పెద్దలకు మా మనవి. పొలం పాస్‌బుక్కు బీరువాలోనే ఉంటుంది. చెల్లెలి ఊరికి వాన తగ్గాక బస్సు కూడా ఉంటుంది.