మిత్రుని రహస్యము

మన వార్షిక సంచికలలో స్నేహమును గూర్చిన వ్యాసము లేని సంవత్సరము అరుదు. మిత్రుడు ప్రాణసమానుడనియు, అతని రహస్యమును సమాధి వరకు దాచవలెననియు అందరును వ్రాయుదురు. ఈ రెండవ మాటతో నాకు పేచీ ఉన్నది. అట్లు దాచినవాడను గనుకనే ఉన్నది.

1999వ సంవత్సరములో మేమిద్దరము కడపలో ఆరవ తరగతి చదువుచుంటిమి. అతని పేరు వ్రాయను. రంజాను పండుగనాడు మా యింటి షీర్ ఖుర్మాలో మొదటి గిన్నె అతనిది. ఉగాదినాడు మా నాన్నగారు దేవుని కడపకు వెళ్ళి వేంకటేశ్వరునికి టెంకాయ సమర్పించునప్పుడు (కడప ముసల్మానులలో ఇది తరతరాల ఆచారము) మేమిద్దరమును ఆయన వెంట నడిచెడివారము. లెక్కలలో అతడు నాకు గురువు, బొంగరములో నేను అతనికి.

ఆ యేడు వానలు మొదలైన దినములలో బుగ్గవంక గట్టున ఒక కుక్కపిల్లను ఎత్తుకొనబోగా అది అతని మడమ పైన కొరికెను. చిన్న గాటు, రెండు బొట్ల నెత్తురు. "మాయమ్మకు చెప్పొద్దురా. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులేస్తారంట. ఒట్టెయ్యి" అనెను. ఒట్టు వేసితిని. కంప గీసుకొన్నదని అతడు ఇంటిలో చెప్పెను. నేను తల ఊపితిని.

ఆ భయము నిరాధారము కాదు. గొర్రె మెదడు నుండి తీసిన పాతకాలపు టీకా అది. దినమునకొకటి చొప్పున పొట్టపై పొడిచెడివారు. మన దేశములో దాని తయారీ 2004లో గాని నిలిచిపోలేదు.

వినాయక చవితి దాటిన వారమునకు అతనికి జ్వరము వచ్చెను. ఎన్నడో మానిన గాటు వద్ద తిమ్మిరి, మంట అనుచుండెను. మూడవనాడు దాహమని అడుగగా చెంబు అందించితిని. నోటి దగ్గరకు తెచ్చుకొనగానే గొంతు బిగిసి, చెంబును విసరివేసెను. కుక్క ఏదైనా కరచినదా అని వైద్యుడు అడిగెను. లేదని తల్లి చెప్పెను. గుమ్మము వద్ద నిలిచిన నేను నోరు మెదపలేదు. ఆ రెండవనాటి రాత్రి అతడు పోయెను.

లక్షణములు కనబడిన పిదప ఆ వ్యాధికి నేటికిని చికిత్స లేనట్లే. గుమ్మము వద్ద చెప్పినను ప్రయోజనము ఉండెడిది కాదు. కాని దానికి ముందు రెండు నెలలు ఉండెను. ఆ రెండు నెలలును నేను అతనితో కలిసి బడికి పోయితిని.

నూకలు చెల్లినవని వారి వీధిలోను, అల్లా కీ మర్జీ అని మా వీధిలోను అనుకొనిరి. దైవసంకల్పముతో వాదించువాడను కాను. అయితే ముందు ఒంటెను కట్టి, ఆ పిమ్మట దైవముపై భారము వేయుమన్న ప్రవక్త బోధను మనమెరుగుదుము. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తన టీకాను జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు ఇప్పించెను. కుక్క కరచిన ఆ పిల్లవానిని పారిస్ నగరమునకు తీసికొనివచ్చినది అతని తల్లి. అతడు బ్రతికెను. ఆ తల్లికి సంగతి తెలిసినది. ఈ తల్లికి మేము తెలియనీయలేదు.

విద్యార్థులారా, మీ మిత్రుని ప్రేమలేఖను దాచుడు, సినిమాకు పోయిన సంగతి దాచుడు (అధ్యాపకుడు ఈ మాట అనరాదు). భయపడి దాచుమన్నదానిని మాత్రము దాచకుడు. అప్పుడు మాటాడునది మిత్రుడు కాదు, అతని భయము. అతడు నెల దినములు మీతో పలుకకపోవచ్చును. పలుకకపోనిండు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. నోటీసు బోర్డు ప్రక్కన ఒక పలక వ్రాయించుడు. కుక్క కరచినను, గీరినను వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదిహేను నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. ఆనాడే ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. టీకా అక్కడ ఉచితము. ఇప్పుడు దానిని చేతికే వేయుదురు, నాలుగైదు పర్యాయములు మాత్రమే. కుక్కపిల్ల అయినను ఇదే నియమము.

ప్రతి ఉగాదికిని అతని తల్లి నాకు పచ్చడి పెట్టి, నా పిల్లల చదువులు అడుగును. కొడుకు మెదడు జ్వరముతో పోయెనని ఆమె నమ్మకము. ఈ సంచిక వెలువడిన పిదప ఒక ప్రతి తీసికొని ఆమె వద్దకు వెళ్ళుదును. ఆమెకు చదువు రాదు. నేనే చదివి వినిపించవలెను.