శివారు చేనుకి నీళ్లు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఏడాది మొదట్లో ఒక పట్టిక వేస్తారు. వచ్చే నెలకి చాట్, ఆపై నెలకి వాలెట్, దసరాకి ఇంకోటి. ఏడాది తిరిగేసరికి అన్నిటికీ టిక్కులు పడతాయి, వాడేవాళ్లు మాత్రం పెరగరు. 1970ల్లో ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ ఈ వరస తిరగేశాడు: ఎక్కడికి చేరాలి, చేరామని ఎలా తెలుస్తుంది, ముందు ఈ రెండూ రాయండి, ఏం చెయ్యాలో తర్వాత చూద్దాం. ఇంటెల్‌లోనే పనిచేసిన జాన్ డోర్ 1999లో ఆ పద్ధతిని గూగుల్‌కి పట్టుకెళ్లాడు. గోదావరి జిల్లాలవాళ్లకి ఇది మరీ కొత్త సంగతేం కాదు.

గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఇక్కడికి కావేరి మీంచి వచ్చాడు. అక్కడ కొల్లిడం పాయ పల్లంగా ఉండి కావేరి నీళ్లు లాగేసుకునేది. 1836లో దానికి అడ్డకట్ట వేశాడు. అది ఎంత బాగా పనిచేసిందంటే, కావేరిలోకి నీళ్లు ఎక్కువై, 1845లో కావేరికే ఇంకో కట్ట కట్టాల్సొచ్చింది. గోదావరి బాధ వేరు. 1832-33 కరువులో జనం మాడిపోతుంటే, పక్కనే ఏరు సముద్రంలో కలిసిపోయేది. ఇసకలో పునాది నిలబెట్టే విద్య కావేరి మీది కల్లణై ఆనకట్ట కట్టిన పాతకాలపు వాళ్ల దగ్గర నేర్చుకుని తెచ్చుకున్నాడు గాని, లెక్క మాత్రం ఇక్కడిదే వేసుకున్నాడు: డెల్టా నెత్తిన నీటిమట్టం లేవాలి, ఆ నీరు శివారు చేలకి అందాలి.

1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట లేచింది. కట్టడమే గురి అయితే పని అక్కడితో సరి. కానీ నగరం లంకకి నీళ్లెలా? మధ్యలో గోదావరి పాయ వైనతేయ. అందుకని గన్నవరం దగ్గర ఇంజనీరు హేగ్ దొర 49 ఖానాల అక్విడెక్టు కట్టి, ఏటి మీదుగా కాలువని దాటించాడు. ఆ ఆనకట్ట పని 1982లో బ్యారేజీ అందుకుంది. ఆ అక్విడెక్టు పని 2000లో డొక్కా సీతమ్మ పేరుతో వచ్చిన కొత్తది అందుకుంది. నీళ్లు మాత్రం ఆ చేలకే వెళ్తున్నాయి.

దీనికంటే నాకు ఆసక్తి కలిగించేది దుమ్ముగూడెం కథ. బీరారు, నాగపూరు పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రానికి దింపాలని అక్కడా ఆనకట్టా లాకులూ కట్టడం మొదలెట్టారు. అది సగంలో ఉండగానే 1867లో నాగపూరుకి రైలొచ్చింది. పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పని ఆపేశారు. ఓటమి అనేవాళ్లున్నారు, నేననను. పత్తి రేవుకి చేరడమే కావాల్సింది, చేరింది. కట్టిన సగాన్ని చూసి మిగతా సగానికి డబ్బు పోస్తూ కూర్చుంటే అదీ తప్పు. ఈ మాట కాటన్ దొరే ఒప్పుకునుండడు. రైళ్ల కంటే పడవ కాలువలే మేలని చివరిదాకా వాదించిన మనిషి.

డెల్టా కాలువల మీద పడవలకని కట్టిన లాకులు మిగిలాయి. పడవలు పోయాయి. ఇప్పుడు బస్సు కండక్టరు "లాకులు, లాకులు" అని కేకేస్తే దిగాల్సినవాళ్లు సంచులు పట్టుకుని దిగుతారు.