రసికత శాలువలలో లేదు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి తెలుగువారికి సభలకు కొదువ లేదు. ఉగాదికి ఒక సభ, శ్రీరామనవమికి ఒక సభ, త్యాగరాజస్వామి ఆరాధనకు ఒక సభ జరుగుచునే యున్నవి. అన్నియు కళాపోషణము, భాషాసేవ యను పేరులతోనే జరుగుచున్నవి. కాని వీనిలో జరుగు పని ఆ పేరులకు తగియున్నదా? లేదనియే మా అభిప్రాయము. దానిని వీధిలో చెప్పుకొనుట కంటె మనవారందరు చూచు ఈ సంచికయందు చెప్పుట మర్యాద యని తలంచి వ్రాయుచున్నాము.

మన సభాక్రమమును పాఠకులెరుగుదురు. ఆహ్వానపత్రమున సాయంకాలము ఆరు గంటలని యుండును. దీపము వెలిగించుసరికి ఏడగును. స్వాగతోపన్యాసము, అధ్యక్షోపన్యాసము, ముఖ్య అతిథి ప్రసంగము ముగిసిన పిదప చందాలిచ్చినవారికి, వారి బంధువులకు, హాలు యజమానికి శాలువలు, పూలదండలు, జ్ఞాపికలు. ఏడాది పొడవునను కీర్తన నేర్చిన బాలికకు తొమ్మిది దాటిన తరువాత పది నిమిషములు దొరకును. అప్పటికి సగము మంది భోజనపు పంక్తిలో నుందురు. ఇది కళాసభయా, సన్మానసభయా? మేము ముప్పది యేండ్లకు పైగా కచ్చేరీలో జమాఖర్చులు వ్రాసినవారము. ఏ పద్దు క్రింద ఎంత వ్యయమైనదో చూచినచో సంస్థ యొక్క మనస్సు తెలియును. హాలుకు, దండలకు, భోజనమునకు పోగా కళ నేర్చువారికి మిగిలినదెంతయో ప్రతి సంఘమును తన లెక్కల పుస్తకము తెరచి చూచుకొనుగాక.

కళాసంఘము ఎట్లుండవలెనో తెలియుటకు బళ్ళారిని చూచిన చాలును. అదియు మన ఊళ్ళవలె భాషల పొలిమేరయందున్న ఊరే. 1880 దశకమున ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు అచ్చట సరస వినోదిని సభను నడిపిరి. వారు వృత్తిచే వకీలు. పగలు కోర్టు పని చూచుకొని, తామే నాటకములు వ్రాసి, తామే వేషము కట్టి, ఊరివారికి నేర్పి ఆడించిరి. 1891లో ఆ సభవారు మద్రాసులో ఆడిన నాటకములను పమ్మల్ సంబంధ మొదలియారను యువకుడు చూచెను. అంతవరకు నాటకమన్న ఏవగించుకొనుచుండిన ఆయన, చదువుకొన్న పెద్దమనుష్యులు రంగమెక్కుటను చూచి మనసు మార్చుకొని, ఆ యేటనే సుగుణ విలాస సభను స్థాపించెను. తమిళ నాటకమునకు క్రొత్త గౌరవము తెచ్చిన సభ యది. పొలిమేర ఊరి తెలుగు సభ ఒకటి పొరుగు భాషకు సైతము మేలు చేసిన దనుటకు ఇంతకంటె నిదర్శన మేల? ఆచార్యులవారి మేనల్లుడు బళ్ళారి రాఘవయు వకీలే. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి, 1946లో మరణించువరకు రంగస్థలమును విడువలేదు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినను వారి కీర్తి తరుగలేదు. వారు చప్పట్లు కొట్టి ఊరకుండిన రసికులు కారు, పనిచేసిన రసికులు.

మనము చేయవలసిన పని ఏదియో కాలమే చూపుచున్నది. 2006లో తమిళనాడున తమిళ అభ్యసన చట్టము వచ్చెను. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున సాగి, 2015-16 నాటికి అది పదవ తరగతిని చేరెను. బడిలో తెలుగునకు చోటు తగ్గెను. ఫలితము మన ఇండ్లలోనే కనబడుచున్నది. ఇంట తెలుగు మాటాడు బాలిక త్యాగరాజ కీర్తనను తమిళ లిపిలోనో ఇంగ్లీషు లిపిలోనో వ్రాసికొనుచున్నది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. అందుచేతనే సంగీత పుస్తకములలో అక్షరము ప్రక్కన అంకెలు వేయుదురు. ఇంగ్లీషు లిపిలో వ్రాసికొన్నచో ల యేదో ళ యేదో, న యేదో ణ యేదో తెలియదు. రాగము శుద్ధముగా వచ్చును, మాట చెడును. మాట చెడిన పాటకు శాలువ కప్పి భాషాసేవ యనుకొనుట ఆత్మవంచన.

కొందరు ఇది ప్రభుత్వము చేయవలసిన పని యందురు. హక్కులకై మహజరులు పెట్టవలసినదే. కాని మహజరునకు జవాబు వచ్చునంతలో పిల్లలు పెద్దవారగుదురు. మరికొందరు తమిళులు నొచ్చుకొందు రని జంకుదురు. తమిళము నేర్చుటయెడ మాకు విముఖత లేదు. ఈ నేల మనకు అన్నము పెట్టినది. తమిళులనుండియే మనము నేర్వవలసిన దున్నది. కచేరీలలో తెలుగు కృతులే ఎక్కువగా వినబడుచుండగా, తమ భాషలోని పాటకు చోటు కావలెనని కోరి 1943లో మద్రాసున తమిళ ఇసై సంఘమును స్థాపించి, సంగీత కళాశాలను నడిపిరి. ఆ ఉద్యమమును బలపరచినవారిలో 1878లో మన హోసూరు చెంత తొరపల్లిలో పుట్టిన రాజాజీయు ఒకరు. వారు తమ భాషకు చేసినదానికి మనము నొచ్చుకొననేల? మన భాషకు మనము చేయనిదానికి సిగ్గుపడవలెను.

కావున మేము కోరునది నాలుగు విషయములు. మొదటిది, ప్రతి ఆదివారము ఒక గంట తెలుగు పలక. గుడి మండపము గాని, ఒకరి ఇంటి వసారా గాని చాలును. ఉద్యోగము విరమించినవారు మనలో ఎందరో కలరు. వంతులవారీగా వచ్చి అక్షరములు, గుణింతములు, ఒత్తులు నేర్పవచ్చును. ఏడాదికి యాబది గంటలు. సంవత్సరాంతమున పిల్లలు తాము పాడు కీర్తనను తెలుగు లిపిలో తామే వ్రాసి చూపవలెను. రెండవది, వేదికపై పిల్లలు ముందు, ఉపన్యాసకులు తరువాత. మూడవది, శూలగిరి, వేపనపల్లి, బాగలూరు వైపు పల్లెలలో కోలాటము, భజన నేర్పు గురువులను, వేషము కట్టు కళాకారులను పిలిపించి, రానుపోను చార్జీలు, తగిన పారితోషికము వారు ఊరు చేరకముందే చేతికీయవలెను. దినకూలి విడిచి వచ్చినవానికి శాలువ అన్నము పెట్టదు. నాలుగవది, ఇట్టి సంచికలలో ఒక పుట జమాఖర్చులకు కేటాయించి, ఆ యేట ఎందరు పిల్లలకు తెలుగు చదువ వచ్చినదో దాని క్రిందనే ప్రకటింపవలెను.

ఇవి పెద్ద ధనము కోరునవి కావు, సమయము కోరునవి. చందా ఇచ్చుట సులభము, ఆదివారము ఇచ్చుట కష్టము. ఈ సంచికను ఇంటికి కొనిపోయిన పాఠకులు దీనిని తమ మనుమల చేతికిచ్చి ఒక్క వాక్యము చదివింపుడు. చదివినచో సంతోషము. చదువలేకపోయినచో మేము చెప్పినదానిపై వేరుగ వాద మక్కరలేదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ నాలుగింటిని తీర్మానముగా ప్రతిపాదించుటకు మేము సిద్ధముగా నున్నాము. బలపరచువారు ముందుకు రావలెను. మొదటి ఆదివారమునకు పలకలు, బలపములు మేమే తెచ్చెదము.